సన్నని కాలువలో నిండు బొమ్మ



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములలోని పెద్దలకు నేడు నేను విన్నవింపదలచిన విషయము క్రొత్తది. కాని దాని మూలసూత్రము మీరెరిగినదే. ఇంటర్నెట్టు ద్వారా వచ్చు కదలుబొమ్మ, అనగా వీడియో, ఏల నడుమ నడుమ నిలిచిపోవుచున్నది? చాలీచాలని దారిలో దానిని తెగకుండ నడిపించు ఉపాయము లెవ్వి? అందు మన చేతిలో నున్నదెంత? ఇవియే నేటి ప్రశ్నలు.

ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము 2015వ సంవత్సరము నుండి రాష్ట్రోత్సవముగా జరుగుచున్నది. వెన్నెలరాత్రి జరుగు ఆ వేడుకకు పోలేని వృద్ధులు ఇంట గూర్చుండి సెల్లుఫోనులో చూచుచున్నారు. మాంగల్యధారణ సమయము వచ్చును. సరిగా అప్పుడే బొమ్మ నిలిచిపోయి, తెర నడుమ నొక చిన్న చక్రము తిరుగ నారంభించును. ఫోను పాతదనియు, కంపెనీవారు మోసగించిరనియు, పిల్లలెవ్వరో ఏదో నొక్కిరనియు ఇంటిలో తల కొక మాట చెప్పుదురు. వీనిలో ఏదైన నిజము కావచ్చును. కాని చాలసారులు కారణము వేరు. బొమ్మ బరువునకును, దారి వెడల్పునకును పొత్తు కుదురలేదు. ఈ రెంటి సంగతియు వేరువేరుగా తెలిసికొన్నచో చక్రము తిరుగుట అంత వింతగా తోచదు.

మొదట బొమ్మ బరువు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గములపై నేసిన చీరలోని పువ్వు దగ్గరనుండి చూచిన పోగుల కూర్పే కదా. తెరపైని బొమ్మయు నట్లే చుక్కల కూర్పు. మిక్కిలి స్పష్టమని చెప్పబడు బొమ్మలో నిలువున 1,080 వరుసలును, ఒక్కొక్క వరుసలో 1,920 చుక్కలును ఉండును. మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు తెలుపుటకు 24 గుర్తులు కావలయును. ఈ గుర్తునే బిట్టు అందురు. కదలిక కంటికి నిజమని తోచుటకు సెకండునకు 25 బొమ్మలు మారవలయును. ఈ అంకెలను గుణించినచో సెకండునకు 124 కోట్ల 41 లక్షల 60 వేల బిట్లగును. ఇంత బరువును మోయగల దారి పల్లెలోనే కాదు, పట్టణపు టింటిలోను సామాన్యముగా లేదు.

కనుక పంపువారు దానిని మూటగట్టుదురు. మూటగట్టు విధమును ఒక చిన్న సాదృశ్యముతో చెప్పెదను. నూరుగురు బాలురున్న తరగతిలో నలుగురు రానినాడు ఉపాధ్యాయుడు తొంబదియారు పేర్లు చదివి వినిపింపడు. రాని నలుగురి పేర్లు చెప్పిన చాలును, తక్కినది వినువాడే గ్రహించుకొనును. హరికథ చెప్పు భాగవతారు వెనుకనున్న గోడ గంటసేపు మారదు. దానిని సెకండునకు 25 మారులు పంపనేల? ఒకమారు పంపి, పిమ్మట భాగవతారు చేయి కదలిన మేరకు మాత్రము పంపిన చాలును. అట్లే కన్ను పోల్చుకొనలేని సన్నని రంగుల భేదములను కొంత విడిచినను నష్టము లేదు. 2003వ సంవత్సరమున నిర్ణయింపబడి నేటికిని విస్తారముగా వాడుకలో నున్న పద్ధతి ప్రకారము ఆ 124 కోట్లు రమారమి 50 లక్షలకు దిగివచ్చును. అనగా ఇన్నూటయేబదింట నొకవంతు. 2013లోను 2018లోను ఇంతకంటె మేలైన పద్ధతులు వచ్చినవి. అవి అదే స్పష్టతను ఇంచుమించు సగము బరువుతోనే తెచ్చును. కాని ఆ మూట విప్పుట పాత ఫోనులకు కష్టము.

దీనినుండి ఒక సంగతి తేలుచున్నది. కదలిక తక్కువగానున్న బొమ్మ తేలిక. కదలిక హెచ్చైనది బరువు. పాఠము చెప్పు ఉపాధ్యాయుని బొమ్మ చిన్న మూటలో నిముడును. క్రికెట్టు పందెము, ఊరేగింపు, వాన, పచ్చని చేలమీద గాలి, ఇవి ఇముడవు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. చివర మరల దీనితో పని యున్నది.

ఇక దారి. వీడియో మన ఇంటికి వచ్చు దారులు ముఖ్యముగా రెండు. ఒకటి గాజుతీగ. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ అను రాష్ట్రప్రభుత్వ సంస్థ విద్యుత్ స్తంభముల మీదుగా లాగించిన తీగలు ఈ జాతివి. 2017వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ పథకమును జాతి కంకితము చేసిరి. గాజుతీగ విశాలమైన దారి. కాని స్తంభము కూలినను, కొమ్మ విరిగి పడినను తెగును. రెండవది సెల్లుఫోను టవరు నుండి వచ్చు ఆకాశమార్గము. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో సేవ ప్రారంభమైన పిమ్మట దేశమున ఈ మార్గపు వెల మిక్కిలి తగ్గినది; వాడుక మిక్కిలి పెరిగినది. కొండ యడ్డమైనను, మందపు గోడ యడ్డమైనను ఈ మార్గమున బలము తగ్గును. గండికోట ప్రక్కల ఎర్రమల కొండల చాటునను, పులివెందుల వైపు గుట్టల చాటునను ఉన్న పల్లెలలో మిద్దె యెక్కిన మాట వినబడుటయు, నడుమింటిలోనికి వచ్చిన తెగిపోవుటయు ఇందువలననే.

టవరునకు మరియొక గుణము కలదు. దాని శక్తి ఒక్కరి సొత్తు కాదు. దాని క్రిందనున్న వారందరిది. కడప కర్నూలు కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి మన వైపునకు వచ్చులోపల ఎన్ని తూములు దాటవలయునో ఆయకట్టు చివరి రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. పైవారు నిండుగ పారించుకొన్నచో క్రిందివాని మడి నెరలు విచ్చును. టవరు క్రింది ఫోనుల సంగతియు నంతే. మధ్యాహ్నము సెకండునకు 80 లక్షల బిట్లందిన ఇంటికే రాత్రి ఎనిమిది గంటలకు 10 లక్షలు మాత్రమే అందవచ్చును. ఫోను అదియే, టవరు అదియే, పంచుకొనువారు హెచ్చిరి. టవరునకు దూరమున నున్నవారికి అంతే బొమ్మను చేర్చుటకు దానికి ఎక్కువ కాలము పట్టును గనుక చివరివారి బాధ మరింత హెచ్చు.

బొమ్మ బరువు స్థిరము, దారి వెడల్పు అస్థిరము. ఈ చిక్కును విప్పుటకు శాస్త్రజ్ఞులు మూడు పనులు కలిపి చేసిరి.

మొదటి పని: ఒకే వీడియోను పెక్కు బరువులలో సిద్ధపరచి యుంచుట. ఫోనులో 240, 480, 720, 1080 అని కనబడు అంకెలు ఈ బరువులకు గుర్తులు. అవి బొమ్మలోని వరుసల సంఖ్యలు. రమారమి లెక్కలో 240 వరుసల బొమ్మకు సెకండునకు 4 లక్షల బిట్లు, 480కి 10 లక్షలు, 720కి 25 లక్షలు, 1080కి 50 లక్షలు చాలును. పెద్ద టెలివిజనులకై చేయు 2160 వరుసల బొమ్మకు కోటిన్నర కావలయును. కంపెనీవారు చెప్పు మెగాబిట్టు అనగా పది లక్షల బిట్లే.

రెండవ పని: ఒక్కొక్క బరువులోని వీడియోను చిన్నచిన్న ముక్కలుగా కోయుట. ముక్క రెండు సెకండ్లు మొదలు పది సెకండ్ల వరకు ఉండును. అన్ని బరువులలోను కోత ఒకేచోట పడును. కనుక ఒక ముక్కను 720 వరుసలలో తెచ్చుకొని, దాని తరువాతి ముక్కను 480 వరుసలలో తెచ్చుకొన్నను కథ తెగదు. మెట్టు దిగినట్లుండును, గోతిలో పడినట్లుండదు. ఆపిల్ కంపెనీవారు 2009లో ఈ విధమైన పద్ధతి నొకదానిని వెలువరించిరి. 2012లో డాష్ అను పేర అంతర్జాతీయ ప్రమాణ మొకటి ప్రకటింపబడినది. నేడు మనము చూచు వీడియోలలో చాలభాగము ఈ రెంటిలో నేదో యొక మార్గమున వచ్చునవే.

మూడవ పని: నిల్వ చేయుట. దీనికి దృష్టాంతము పులివెందులవారి కంటియెదుటనే యున్నది. పార్నపల్లె వద్ద చిత్రావతిపై కట్టిన జలాశయమునకు బ్యాలెన్సింగ్ రిజర్వాయరు అని పేరు. వచ్చు నీరు ఒకనాడు హెచ్చు, ఒకనాడు తగ్గు. వాడుకకు మాత్రము ప్రతిదినము కావలయును. నడుమ నిల్వ యున్నచో రాకలోని ఒడుదుడుకులు వాడుకవానికి తెలియవు. ఫోను చేయునదియు నిదే. మనము చూచుచున్న క్షణమునకు ముందుగనే రాబోవు ముక్కలను కొన్నిటిని తెచ్చి తన కడుపులో దాచుకొనును. తెర అడుగున ఎర్రని గీతకు ముందు బూడిదరంగు గీత యొకటి జరుగుచుండుట మీరు చూచియుందురు. అది ఆ నిల్వ.

ఇప్పుడు చిన్న లెక్క చేయుదము. దారి సెకండునకు 20 లక్షల బిట్లు తెచ్చుచున్న దనుకొనుడు. బొమ్మ 10 లక్షల బరువుది. ఒక సెకండు కాలములో రెండు సెకండ్ల బొమ్మ వచ్చును. ఒకటి చూచితిమి, ఒకటి నిల్వ చేరినది. అరనిమిషమునకు 30 సెకండ్ల నిల్వ యేర్పడును. పిమ్మట దారి 20 సెకండ్లు పూర్తిగ మూసికొన్నను చూచువానికి తెలియదు. అదే దారిలో 25 లక్షల బొమ్మను కోరితిమనుకొనుడు. సెకండునకు సెకండులో ఐదింట నాలుగు వంతులే వచ్చును. ఐదవ వంతు నిల్వనుండి పోవును. ముందు కూడబెట్టిన 30 సెకండ్ల నిల్వ రెండున్నర నిమిషములలో అడుగంటును. అటుపిమ్మట చక్రము తప్పదు. మంచమున్నంతవరకే కాళ్లు చాచుకొనవలె ననిన పెద్దల మాటకు ఇంతకంటె సరియైన లెక్క యుండదు.

ఏ మెట్టున నుండవలయునో నిర్ణయించున దెవ్వరు? పంపువాడు కాదు, పుచ్చుకొను ఫోనే. అది రెండిటిని కనిపెట్టుచుండును: వెనుకటి ముక్క ఎంత వేగముగ వచ్చినది, నిల్వ యెంత మిగిలినది. రెండును బాగుగానున్న పై మెట్టెక్కును. నిల్వ తగ్గిన క్రిందికి దిగును. వీడియో మొదట మసకగా మొదలై కొన్ని సెకండ్లకు తేటపడుట దీనివలననే. తొలుత దారి యెట్టిదో దానికి తెలియదు గనుక తేలిక ముక్కతో అడుగుపెట్టి, నేల గట్టిదని తెలిసిన పిమ్మట బరువెత్తుకొనును. ఆ మసకను చూచి ఫోను చెడినదని తలపరాదు.

చూచువారి మనస్సు సంగతియు విద్వాంసులు పరిశీలించిరి. కృష్ణన్, సీతారామన్ అను ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రకటించిన పరిశోధనయందు 67 లక్షల మంది చేసిన 2 కోట్ల 30 లక్షల వీక్షణలను లెక్కించిరి. వీడియో మొదలగుటకు రెండు సెకండ్లకు మించి ఆలస్యమైనచో జనులు విడిచిపోవ నారంభింతురనియు, అటుపై ప్రతి సెకండునకు నూటికి ఇంచుమించు ఆరుగురు చొప్పున తగ్గుదురనియు వారు కనుగొనిరి. వీడియో నిడివిలో నూటికొకవంతు కాలము మాత్రమే బొమ్మ నిలిచినను, చూచు కాలము నూటి కైదు వంతులు తగ్గినదట. బొమ్మ కొంచెము మసకబారిన మనుష్యుడు సర్దుకొనును. కథ తెగిన సర్దుకొనడు. పురాణకాలక్షేపమున దీపము తగ్గినను సభ కూర్చుండును. పౌరాణికుడు మాటిమాటికి నిలిచినచో లేచిపోవును.

ఈ నిల్వ ఉపాయమునకు ఒక పరిమితి కలదు. నిన్నటి వీడియోకు ఎంత నిల్వయైన చేయవచ్చును. ఇప్పుడు జరుగుచున్న దానికి రాబోవు ముక్క ఇంకను పుట్టనేలేదు, నిల్వ చేయుటెట్లు? కావున ప్రత్యక్ష ప్రసారమును కొన్ని సెకండ్లు, ఒక్కొక్కప్పుడు అరనిమిషము, కావలెననియే వెనుకకు జరిపి చూపుదురు. క్రికెట్టు పందెమునాడు ప్రక్కయింట టెలివిజనువారు కేకవేసిన పిమ్మట మన ఫోనులో సిక్సరు పడుట ఇందువలననే. ఆ వెనుకబాటే మనకు దొరకిన చిన్న చెరువు.

కువైటులోనున్న కుమారునితో మాట్లాడునప్పుడు ఆ చెరువుకూడ ఉండదు. మన జిల్లానుండి అక్కడికి పోయి కష్టించువారు వేలకొలది. అర సెకండు ఆలస్యమైనను ఇరువురి మాటలు ఒకదానిపై నొకటి పడును. నిల్వకు తావు లేదు గనుక దారి ఇరుకైనప్పుడు బొమ్మను వదలుకొనుట యొక్కటే మార్గము. మాటకు సెకండునకు 1 లక్ష బిట్లకంటె తక్కువ చాలును. ముఖము చూపుటకు దానికి ఎన్నో రెట్లు కావలయును. పిలుపు తెగుచున్నప్పుడు కెమెరా గుర్తును నొక్కి బొమ్మను ఆపినచో మాట నిలుచును. తల్లికి కుమారుని ముఖము ముఖ్యమే. కాని ఆస్పత్రి సంగతియో, డబ్బు సంగతియో చెప్పుచున్నప్పుడు మాట తెగకుండుట అంతకంటె ముఖ్యము.

ఇంతవరకు ఒక ఇంటి సంగతి చెప్పితిని. లోకమంతయు ఒక్కసారి కాలువమీద పడిన సందర్భ మొకటి 2020లో వచ్చినది. కరోనా వ్యాధి కారణమున జనులు ఇండ్లలో చిక్కుకొనిరి. కార్యాలయము, పాఠశాల, సినిమా అన్నియు ఒకే దారిన రావలసివచ్చెను. ఐరోపాలో అధికారుల కోరికపై నెట్‌ఫ్లిక్స్ సంస్థ మార్చి 19వ తేదీన తన బొమ్మల బరువును ముప్పది దినములపాటు నాలుగవవంతు తగ్గింతునని ప్రకటించెను. మన దేశమున మార్చి 24వ తేదీన వీడియో సంస్థలవారు కూడబలుకుకొని, సెల్లుఫోను దారులలో ఏప్రిలు 14 వరకు 480 వరుసలకు మించి పంపమని నిశ్చయించిరి. పై తూములవారు తామే పలకలు దించిరన్నమాట. ఆ మాసములందే మన రాష్ట్రమున పదవ తరగతి బాలబాలికలకు దూరదర్శన్ సప్తగిరి ద్వారా విద్యామృతమను పేర పాఠములు చెప్పబడెను.

ఇందొక సూక్ష్మము కలదు. దూరదర్శనమును, నేను మాటలాడుచున్న ఈ రేడియోయు ఒకసారి ఆకాశమున విడిచిన చాలును. పదిమంది విన్నను, పదిలక్షల మంది విన్నను పంపువానికి బరువు పెరుగదు. ఇంటర్నెట్టు వీడియో అట్లు కాదు. చూచువా డెందరో అన్ని ప్రతులు విడివిడిగా పంపవలయును. 2023 నవంబరు 19వ తేదీన ప్రపంచ క్రికెట్టు కప్పు చివరి పందెమును హాట్‌స్టార్ నందు ఒకే సమయమున 5 కోట్ల 90 లక్షల మంది చూచిరి. ఇన్ని ప్రతులు ఒక్కచోటినుండి పంపుట అసాధ్యము. అందుచే వీడియో ముక్కలను దేశమున పలు నగరములలోని యంత్రములందు ముందుగ నిలిపి, ఎవరికి దగ్గరనున్నచోటి నుండి వారికి పంచుదురు. బియ్యము గోదాము నుండి చౌకధరల దుకాణమునకు వచ్చి, అచ్చటినుండి ఇల్లిల్లు చేరినట్లు. ఈ యేర్పాటు పెద్ద దారులలోని రద్దీని తగ్గించును. టవరునుండి మన మిద్దెవరకు గల చివరి మజిలీని మాత్రము ఇది వెడల్పు చేయలేదు. ఆ మజిలీలో మనమే కొంత చేయవలయును.

ఏమి చేయవలయు నందురా? ఫోనును అడ్డముగ పట్టినచో తెర వెడల్పు రమారమి 130 మిల్లీమీటర్లు. అడుగు దూరమునుండి చూచు ఆరోగ్యవంతుని కన్ను మిల్లీమీటరులో పదియవవంతు కంటె చిన్న చుక్కలను వేరుపరుపలేదు. అనగా ఆ తెరపై అడ్డముగ 1,300 చుక్కలకు మించి పంపినను కంటికి లాభము లేదు. 720 వరుసల బొమ్మకు అడ్డముగ నున్నవి 1,280 చుక్కలు. కావున ఫోనులో 720 చాలును. అరువదేండ్లు దాటిన మా వంటి వారి కన్నులకు 480 యైనను చాలును. 1080ని కోరుట కంటికి కాదు, సంఖ్యకు ముచ్చటపడుట. పెద్ద టెలివిజను సంగతి వేరు.

లెక్క ఖర్చుకును వర్తించును. దినమునకు ఒకటిన్నర జీబీ డేటా ఇచ్చు పథకమున్నదనుకొనుడు. 50 లక్షల బిట్ల బొమ్మ చూచినచో అది 40 నిమిషములలో ముగియును. 10 లక్షల బొమ్మ చూచినచో మూడు గంటల ఇరువది నిమిషములు వచ్చును. అదే డేటా, అదే కథ.

ఫోనులో వీడియో స్పష్టత కొరకుగల పట్టికలో ఆటో అను మాట యుండును. సామాన్యముగ దానినే యుంచుడు. మెట్లెక్కుట దిగుట అది చూచుకొనును. దారి మిక్కిలి చెడినప్పుడు మాత్రము 480 గాని 240 గాని మీరే నిలుపుడు. మరునాటి పాఠమును, పురాణమును తెల్లవారుజామున ఊరు నిద్రించు వేళ ఫోనులో దింపుకొనుట మేలు. రాత్రి వంతు వచ్చినప్పుడు తొట్టి నింపుకొని పగలు మడి తడుపుకొనుట మనకు క్రొత్త కాదు. గాజుతీగ గల ఇండ్లలో వైఫై పెట్టెను బీరువా వెనుక, రాతిగోడ మూలలో పెట్టరాదు. ఇంటి నడుమ, ఎత్తున, తలుపులకు ఎదురుగ నుంచవలయును. మన ప్రాంతపు పాతమిద్దెల రాతిగోడలు ఎండను ఆపినట్లే ఆ అలలనుకూడ ఆపును.

వీడియో చూచువారికే కాదు, పంపువారికిని ఒక మాట చెప్పవలయును. ప్రొద్దుటూరు దసరా వేడుకలు ప్రసిద్ధములు. నేడు గుడి ఉత్సవమును ఫోనుతో నేరుగ ప్రసారము చేయు ధర్మకర్తలు పలువురు. చూచువాని దారి చెడినచో ఒక్కని బొమ్మయే నిలుచును. పంపువాని దారి చెడినచో అందరి బొమ్మయు నిలుచును. కావున ముందుగ పంపు దారి వేగమును కొలిచి, దానిలో సగమునకు మించని బరువును ఎన్నుకొనవలయును. టవరు దారిలో దించు వేగముకంటె ఎక్కించు వేగము సాధారణముగ తక్కువ యని మరువరాదు. జనసమ్మర్దములో వేలకొలది ఫోనులు టవరును పంచుకొనును గనుక వీలైనచో గాజుతీగను వాడవలయును. మొదట చెప్పిన మాట ఇక్కడ పనికివచ్చును. ఫోనును చేతబట్టి ఊపుచు తీసిన బొమ్మలో చుక్క చుక్కయు కదలును, మూట పెరుగును. మూడుకాళ్ల దిమ్మెపై కదలకుండ నిలిపిన బొమ్మ తేలికయగును. వెలుతురు చాలినచో ఇంకను తేలిక. చీకటిలో తీసిన బొమ్మలో పుట్టు పొడి చుక్కలు వ్యర్థముగ బరువు పెంచును. అన్నిటికంటె ముందు మైకును పౌరోహితునకు దగ్గరగ నుంచుడు. మంత్రము స్పష్టముగ వినబడినచో మసకబొమ్మనైన భక్తుడు మన్నించును.

పెద్దలారా! ఈ లెక్కలన్నిటి చివర నున్నది ధర్మమునకు సంబంధించిన చిన్న ప్రశ్న. రాత్రి ఎనిమిది గంటలకు ఒక ఇంటిలో ముగ్గురు మూడు ఫోనులలో 1080 వరుసల బొమ్మలు చూచినచో సెకండునకు 150 లక్షల బిట్లు పోవును. అదే ముగ్గురు 480తో చూచినచో 30 లక్షలు. మిగిలిన 120 లక్షలతో అదే టవరు క్రింద పన్నెండు ఇండ్లలో పన్నెండుగురు బాలికలు పాఠము చూడగలరు. చూచుచున్నవారికి కంటికి తోచు నష్టము స్వల్పము. ఊరి చివరి యింటికి కలుగు లాభము పాఠమంత. నీటి వంతులను తీర్చుటలో తలపండిన మీకు ఈ వంతు తీర్చుట కష్టము కాదు. పరీక్షల దినములలో రాత్రి రెండు గంటల కాలము సినిమాను 480కి దింపుడని ఇంటి పిల్లలకు మీరు చెప్పినచో వినుదురు. కంపెనీవారు చెప్పిన వినరు.

ఇట్లని కొరతతోనే సరిపెట్టుకొనుడని నా అభిప్రాయము కాదు. కాలువ చివర నీరందనప్పుడు పొదుపు ఒక పని, కాలువ వెడల్పు చేయింపుమని అడుగుట మరియొక పని. మీ గ్రామ సచివాలయమునకు, పాఠశాలకు గాజుతీగ వచ్చినదా, వచ్చినది నడచుచున్నదా, టవరునకు తీగ యున్నదా లేక గాలి దారియేనా, ఈ ప్రశ్నలు గ్రామసభలో అడుగుడు. అడుగునప్పుడు బొమ్మ రాదని మాత్రము చెప్పక, ఏ వీధిలో, ఏ గంటకు, ఎంత వేగము వచ్చుచున్నదో వ్రాసి చూపుడు. వేగము కొలుచు సాధనము ఫోనులోనే దొరకును. చదువుకొన్న మనుమరాలు వారము దినములు వ్రాసియిచ్చును. అంకెతో చెప్పిన ఫిర్యాదునకు బదులు చెప్పకుండుట కష్టము.

దారి వెడల్పగు వరకు తెగని బొమ్మయు, తేటయైన మాటయు చాలును. వెడల్పైన పిమ్మట నిండుబొమ్మ తానే వచ్చును. ఆ రెండు కాలములలోను ఊరి చివరి యింటిని మరువకుండుటయే పెద్దరికము.